ఇకమీదట

మా కర్నూలు మహిళా సేవా సంఘంలో దిగిపోయే అధ్యక్షురాలు ప్రమాణం చదివితే కొత్త అధ్యక్షురాలు తిరిగి పలకాలి. ఈ ఏడు దిగేది నేను, ఎక్కేది రామేశ్వరమ్మ.

యాభైరెండు కరువులో మా గంజి కేంద్రానికి వచ్చిన బాలింతను రామేశ్వరమ్మ కులమడిగి పంపేసింది. ఆ కోపం నాలుగేళ్లుగా దాచుకున్నాను.

"ఆకలితో వచ్చినవారిని," అన్నాను మెల్లగా. పలికింది.

"ఇకమీదట కులమడిగి పంపను."

'ఇకమీదట' పుస్తకంలో లేదు, నేనే కలిపాను. ఆమె ఆగిపోయింది. సభలో గుసగుసలు మొదలయ్యాయి.

"పలుకు రామేశ్వరమ్మా, అందరూ కాచుకోనుండారు," అన్నాను.

"పలుకుతాలే అక్కా," అంది సభంతా వినేలా. "ఆ పొద్దు నా మాట విని, ఆయమ్మ ముంతలో పోయబోయిన గరిటె యనక్కి తీసుకునింది నువ్వే గదా! రా, ఇద్దరం కలిసే పలుకుదాం."