కండువాతో తుడిచిన అద్దం

"బాపూ, ఆగు! కండువతోని తుడువకు!"

మరమగ్గాల షెడ్డు పక్క గదిలో ఆపి ఉంచిన లేజర్ కటింగ్ మిషన్ లెన్సు మీదికి పోతున్న మార్కండయ్య చెయ్యిని కూతురు ప్రవీణ గబుక్కున పట్టుకుంది.

"దుమ్మే గద బిడ్డా. నా కండ్లద్దాలు రోజూ గిట్లనే తుడుస్త."

"సాంచాల దుమ్ము రాకితే గీతలు వడ్తయి. ఇగ లెన్సు పనికిరాదు."

ప్రవీణ రబ్బరు బుడ్డితో దుమ్ము ఊది, శుభ్రం చేసే మందుచుక్క వేసిన మెత్తటి కాగితంతో లెన్సును సుతారంగా తుడిచింది. తర్వాత తండ్రి కళ్లద్దాలు తీసి ట్యూబులైటుకు ఎదురుగా పట్టింది.

అద్దాల నిండా గీతలే.

మార్కండయ్య గొంతు తగ్గించాడు. "మీ అవ్వకు చెప్పకు బిడ్డా. ఆమె నేసిన బట్టల్ల గీతలున్నయని పొద్దుగాలనే లొల్లి చేసిన."

పక్క షెడ్డులో మరమగ్గం సాంచా చప్పుడు అప్పటికే ఆగిపోయింది. ప్రవీణ తల్లి గుమ్మంలోకి వచ్చి చెయ్యి చాపింది.

"గా అద్దాలు ఇటియ్యి బిడ్డా, నేను గూడ సూస్త."