మబ్బు ఎవరిది?

"కార్డు మీద మీ పేరెట్ల రాస్తరు మేడం? గా ఆలోచన మా నాన్నది!"

దిల్‌సుఖ్‌నగర్ చీరల షాపులో పనిచేసే మాలతి ఓనరు మీదే గొంతు పెంచింది. వాళ్లిద్దరి మధ్య బల్ల మీద మబ్బుల చీర పరిచి ఉంది. ఇలాంటి పోచంపల్లి చీర ఎక్కడా చూడలేదనీ, రేపు ఎల్బీ నగర్‌లో జరిగే పోటీలో ప్రైజు దీనికేననీ వచ్చినవాళ్లంతా అంటున్నారు. పక్కనున్న కార్డు మీద మాత్రం 'డిజైన్: ఇందిరాదేవి' అని ఉంది.

"ఫోన్లో చెప్పింది నేను, నూలు కట్టి నేసింది మీ నాన్న. చెప్పినవాళ్లదే కదా ఆలోచన?" అంది ఇందిరాదేవి, చూపు పక్కకు తిప్పుకుని. అమలాపురం నుంచి వచ్చినా, దిల్‌సుఖ్‌నగర్ వ్యాపారం బాగానే ఒంటబట్టింది ఆవిడకి.

మాలతికి కడుపు మండింది. జీవితమంతా ఎవరో గీసిచ్చిన బొమ్మలకే నూలు కట్టి రంగులో ముంచాడు వాళ్ల నాన్న రాజయ్య. ఈ వయసులో ఒక్కటంటే ఒక్కటి సొంతంగా చేశాడు. అదీ ఆయనది కాకుండా పోతే ఎలా?

"నాన్ననే అడుగుదాం" అంటూ ఫోను స్పీకర్లో పెట్టింది. ఇందిరాదేవి వద్దనేలోపే అల్మాస్‌గూడలో రాజయ్య ఎత్తాడు.

"నాన్నా, గా చీర ఆలోచన ఎవరిది?"

"ఎవరిదేంది బిడ్డా? మేడందే. మొగులు బొమ్మ కావాలె అన్నది. మొగులుకు అంచే ఉండదాయె, నూలు మీద ఎట్ల కట్టాలె? పరేషానై దినాం డాబా ఎక్కి పైకి చూసుకుంట కూసున్న. ఆఖరికి కట్టు జర వదులు చేస్తె రంగు లోపటికి పారింది. గప్పుడు పడ్డది మొగులు. ఆమె అడగకపోతె నాకేడ తడుతుండె?"

మాలతి ఫోను పెట్టేసింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. సిగ్గుతో తలెత్తలేకపోయింది.

"తప్పైంది మేడం. మీ పేరే ఉండనీయుండ్రి" అని కార్డు తీసి చీరకు పిన్ను పెట్టబోయింది.

ఇందిరాదేవి ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది. ఆవిడ మొహంలో నెత్తురు చుక్క లేదు.

"మాలతీ, మొగులంటే ఏంటి?"

"మబ్బు మేడం. మీరే చెప్పిన్రు గద?"

"నేను అడిగింది మొగలిపువ్వు."