మెడపట్టీ పాఠాలు

లెక్చరర్ గారికి తెలియని విషయమంటూ లేదు. ఆయన భార్యకున్న ప్రధానమైన కష్టం అదే. పాలు ఎందుకు పొంగుతాయో ఆయన అరగంట చెప్పగలరు. పొంగుతున్నప్పుడు మాత్రం స్టవ్ ఆపలేరు.

అందుకే, దిక్కులేని కుక్కల్ని చేరదీసే షెల్టర్ నుంచి ఆమె బొగ్గు అనే కుక్కను తెచ్చిన సాయంత్రమే, గడప అవతల నిలబడి చూసి తేల్చేశారు.

“దీనికి మెడ దగ్గర చెయ్యి పెడితే పడదు.”

“మీరింకా పెట్టనే లేదుగా?”

“చూస్తేనే తెలుస్తోంది. ఇదివరకటి వాళ్లెవరో మెడపట్టీ పట్టుకుని ఈడ్చి ఉంటారు. పాపం, దాని తప్పు కాదు. కానీ పట్టీ పట్టుకోనివ్వని కుక్కని ఇంట్లో ఎలా ఉంచుకుంటాం? వీధిలోకి ఉరికితే ఎవరు ఆపుతారు?”

బొగ్గు పేరుకు తగ్గ నలుపు. మెడలో ఎర్ర పట్టీ. తోకకు ఊరుకోవడం తెలియదు. షెల్టర్ వాళ్లు నెల గడువిచ్చారు. కుదిరితే ఉంచుకోవచ్చు, కుదరకపోతే వాళ్లే వచ్చి తీసుకెళ్తారు. లెక్చరర్ గారు ఆ గడువును గట్టిగా పట్టుకున్నారు. ఈలోగా పట్టీ పట్టుకోనిస్తే ఉంటుంది, లేదంటే బండెక్కుతుంది.

ఆమెకు దాన్ని వదులుకోవాలని లేదు. తన మాట మధ్యలో తుంచకుండా వినేది ఆ ఇంట్లో బొగ్గు ఒక్కటే.

మర్నాడు పశువుల డాక్టరమ్మకు ఫోన్ చేసింది. చాలాసేపు మాట్లాడి, చివర్లో కిసుక్కున నవ్వి పెట్టేసింది. పక్కనే బఠాణీలు వలుస్తున్న అత్తగారు అంతా విని తల అడ్డంగా ఊపింది.

“నీ వల్ల కాదమ్మా. చిన్నప్పుడు పట్టుకున్న భయం అంత తేలిగ్గా వదలదు.”

“చూద్దాం అత్తయ్యా. పందెమా?”

“పందెమే.”

ఆ సాయంత్రం భర్తను పిలిచింది.

“నేర్పాల్సింది మీరేనండీ. నేను చెప్తే ఈ ఇంట్లో ఎవరు వింటారు? పాఠం చెప్పడం మీకు వెన్నతో పెట్టిన విద్య.”

ఆ మాటతో లెక్చరర్ గారు కాదనలేకపోయారు.

“డాక్టరమ్మ ఏమందంటే, తొందరపెట్టకూడదట. భయపడేవాళ్లని బలవంతం చేస్తే ఇంకా బిగుసుకుపోతారట. రోజూ కాస్త కాస్త దగ్గరికి రావాలి. వచ్చినప్పుడల్లా ఇష్టమైనది చేతిలో పెట్టాలి.”

“చేతిలోనా? నోట్లో కదూ?”

“ఆ, నోట్లోనే.”

మొదటి పాఠం దూరం నుంచే జరిగింది. లెక్చరర్ గారు కుర్చీలో బాసింపట్టు వేసుకుని, గది ఆ చివరనున్న బొగ్గుకు బిస్కెట్ విసిరారు. అది గాల్లోనే అందుకుంది. మరుక్షణం ఆయన ముందుకు పొగలు కక్కే కాఫీ వచ్చింది.

“నేను అడగలేదే?”

“పాఠం చెప్పి అలిసిపోయారుగా.”

రోజూ ఇల్లు ఊడ్చేటప్పుడు ఆమె ఆ కుర్చీని జానెడు ముందుకు జరిపి పెట్టేది. బిస్కెట్ విసరడం పోయి, అందించడం వచ్చింది. తర్వాత గడ్డం కింద ఒక వేలు. ఆ తర్వాత పట్టీకి వేలి కొస. వేలు తగిలితే దానికి బిస్కెట్, ఆయనకు కాఫీ.

ఒకసారి వేలు తగిలేలోపే బొగ్గు తుమ్మింది. ఆయన చెయ్యి చంకలోకి వెళ్లిపోయింది.

“చూశావా? పళ్లు చూపించింది!”

“తుమ్మిందండీ.”

“తుమ్మే ముందు చూపించింది. దీని మనసింకా కుదుటపడలేదు. ఒక మెట్టు వెనక్కి వెళ్దాం.”

“అలాగే,” అని ఆమె ఆ పూట కాఫీలో చక్కెర కాస్త ఎక్కువ వేసింది.

గడువు రోజు రానే వచ్చింది. వేళ్లు పట్టీని తాకుతున్నాయి గానీ, పట్టుకోవడం లేదు. గేటు ముందు షెల్టర్ బండి ఆగింది. బొగ్గు తిండిగిన్నె కడిగి సంచిలో పెట్టింది ఆమె. మళ్లీ తీసింది. మళ్లీ పెట్టింది.

“ఇంకో వారం అడుగుదామాండీ?”

“మాటంటే మాటే,” అన్నారు లెక్చరర్ గారు. ఆ గొంతులో పాఠం చెప్పేటప్పటి బింకం లేదు.

డ్రైవరు గొలుసు పట్టుకుని గేటు తెరిచాడు. ఆ సందులోంచి బొగ్గు వీధిలోకి దూసుకుపోయింది. మలుపు తిరిగి సిలిండర్ల లారీ వస్తోంది.

లెక్చరర్ గారు చెప్పుల్లేకుండా పరిగెత్తారు. ఎర్ర పట్టీని గుప్పిట బిగించి, బొగ్గును లాగి ఒళ్లో వేసుకుని, రోడ్డు పక్కన చతికిలబడ్డారు. లారీ హారన్ కొట్టుకుంటూ వెళ్లిపోయింది. బొగ్గు ఆయన చెవి నాకింది.

గేటు దాకా తిరిగొచ్చినా ఆయన పట్టీ వదల్లేదు.

“బండి తీసుకెళ్లిపోవయ్యా,” అన్నారు డ్రైవరుతో, రొప్పుతూనే. “ఇది ఎక్కడికీ రాదు. చూశావుగా, పట్టుకుంటే కిక్కురుమనలేదు! భయం పోగొట్టడం ఒక కళ. ఓపిక కావాలి.”

అంటూనే, తనకు తెలియకుండానే, రెండో చెయ్యి వంటింటి వైపు చాచారు.

ఆమె పరుగున వెళ్లి కాఫీ తెచ్చి ఆ చేతిలో పెట్టింది.

గుమ్మంలో నిలబడ్డ అత్తగారు కోడల్ని మెల్లగా పక్కకి లాగింది.

“నాదే తప్పమ్మా, ఒప్పుకుంటున్నా,” అంది గొంతు తగ్గించి, “రోజూ మధ్యాహ్నం నా ఒళ్లో తల పెట్టి, ఆ పట్టీ విప్పించుకుని మరీ మెడ గోకించుకునే కుక్కకి నేర్పేదేముంది గానీ, చిన్నప్పటి నుంచీ కుక్క కనబడితే మంచం మీదికి గెంతే నా కొడుకు చేత కాళ్లు నేల మీద పెట్టించడం నీ వల్ల కాదనుకున్నాను.”