పేతురు అత్త

"జ్వరం దిగంగనే పేతురు అత్త లేచి, ఇంటికొచ్చినోళ్లకు వండి పెట్టింది" అని చెప్పి పాస్టరయ్యగారు బైబిలు మూసిన్రు.

"ఆమెన్" అన్నరందరు. అన్నరు గని ఎవ్వరూ లేవలేదు. ఇంట్ల ప్రార్థనంటే ఆఖరికి చాయ్ రావాలె గద!

ఆ ప్రార్థన రూతమ్మ జ్వరం కోసమే. బిడ్డ సంధ్యారాణికి కాన్పయితే చేసిపెడుదామని సింగరేణి సెంటినరీ కాలనీల అల్లునింటికి వచ్చి, పొయ్యి కాడ నిలబడి నిలబడి తనే పడ్డది. అల్లుని ముంగట కాళ్లు చాపద్దని గోడకు ముడుచుకొని కూసుంది. ఒళ్లింక కాలుతనే ఉన్నది. చాయ్ పెడుదామని లేవబోయి, ఆగింది.

"అయ్యగారూ, ఆ అత్త పేరేంది?"

"రాయలేదమ్మా."

"జర పడుకోమని ఎవరన్న అన్నరా?"

అయ్యగారు మూసిన బైబిలు దిక్కు చూసిన్రు. "అదీ రాయలేదు."

"మరి పేతురేం చేసిండు?"

"అల్లుడు గదమ్మా! కూసొని తిని ఉంటడు."

అందరు నవ్విన్రు. రూతమ్మ గూడ నవ్వింది. గడప కాడ కూసున్న అల్లుడు జైపాల్ నవ్వలేదు. బొగ్గుబాయిల పొద్దటి షిఫ్టు దిగొచ్చిన మనిషి, కండ్ల చుట్టు బొగ్గుమసి ఇంక పోలేదు. గోడ పట్టుకొని లేసిండు. అది చూసి రూతమ్మ గబుక్కున లేవబోయింది.

"నువ్వు కూసో అత్తమ్మా" అని వంటింట్లకు పోయిండు.

లోపల గిన్నెలు ఒకదాని మీదొకటి పడ్డయి. జరసేపటికి కేకేసిండు. "అత్తమ్మా! చాయ్‌పత్త ఏ డబ్బల ఉన్నది?"

"నీ ఇల్లే గద అల్లుడా, ఎతుకు" అని రూతమ్మ ముడుచుకున్న కాళ్లు మెల్లగ చాపుకుంది.