పడిన తేదీ

"మీరేం చెప్పకండి. నేను అడుగుతాను, మీరు జవాబివ్వండి," అన్నాడు లాయరు, ఎదుటి కుర్చీలో కూర్చున్నావిడ ఇంకా నోరు తెరవకముందే.

మేడలు కట్టే పనిలో పైనుంచి కిందపడి కాళ్లూ చేతులూ విరగ్గొట్టుకున్నవాళ్ల కేసులు పాతికేళ్లుగా చూస్తున్నాడాయన. చూడ్డమే గాని, గెలిచినవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. తప్పు చట్టానిది కాదని ఆయన వాదన. చట్టంలో దారులు బోలెడున్నాయి. రోజుకూలీ అయినా పరిహారం అడగొచ్చు. కాంట్రాక్టరు జారుకుంటే, కట్టిస్తున్న యజమానిని పట్టుకోవచ్చు. పోలీసుల దగ్గరికీ వెళ్లొచ్చు. తప్పల్లా వచ్చేవాళ్లది. అందరూ చేతులు కాలాక ఆకులు పట్టుకునే రకమే! వాళ్లొచ్చేసరికి పరంజా విప్పేసి ఉంటుంది, చూసినవాళ్లు వేరేచోట పనికి పోయి ఉంటారు, హాజరు పుస్తకంలో పేరు మాయమై ఉంటుంది.

అందుకే గోడకి బోర్డు పెట్టించాడు. 'పడినవారు వెంటనే రావలెను. ఆలస్యమైతే నేను బాధ్యుణ్ని కాను.'

ఆవిడ ఆ బోర్డు చదివింది. చేతిసంచీ ఒళ్లో సర్దుకుంటూ, "అసలు సంగతేంటంటేనండీ..." అంది.

"వరసలో వెళ్దామమ్మా."

తను సొంతంగా అచ్చు వేయించుకున్న ఫారం ముందుకు లాక్కున్నాడు. పెన్ను మొదటి గడిలోనే మొరాయించింది. విదిలించి, ఆ గడి వదిలేసి, రెండోదాంట్లోకి దిగాడు.

"ఎవరు?"

"మా ఆయనండీ. తాపీ పని. నేను దర్జీని."

"ఎక్కడ?"

"కొత్తగా కడుతున్న ఆరంతస్తుల మేడండీ. నాలుగో అంతస్తు, బయటి గోడకి పూత పని."

"కింద ఏముంది?"

"ఇనప చువ్వల కట్టలు."

"అయ్యయ్యో," అన్నాడు లాయరు. నిజంగానే మనసు కలుక్కుమంది. అయినా చెయ్యి మాత్రం చకచకా రాసుకుపోయింది.

"పరంజా విప్పేశారు కదూ?" అవునని రాసేయబోయాడు కూడా.

"లేదండీ. అలాగే ఉంది."

పెన్ను ఆగిపోయింది. ఆవిడ ఫోను తీసి ఒక్కో ఫోటో చూపించింది. పుచ్చిపోయిన కర్రలు రెండు. మేకుల్లేని చెక్క ఒకటి. పట్టుకోవడానికి అడ్డకర్ర ఎక్కడా లేదు.

"ఈ తాడు చూడండి, పోగులెలా విడిపోయాయో. దారంతో బతికేదాన్ని కదండీ. ఏది ఆగుతుందో, ఏది తెగుతుందో చూడగానే తెలిసిపోతుంది."

"సాక్షులు?" అన్నాడు లాయరు, ఆశపడీ పడనట్టు.

సంచీలోంచి మడత కాగితం వచ్చింది. మూడు సంతకాలు, ఒక వేలిముద్ర, ఫోను నంబర్లతో సహా. 'పరంజా ఊగుతోందని మేస్త్రికి చెప్పాం. వినలేదు.' దాని వెనకే హాజరు పుస్తకం ఫోటో. వాళ్లాయన పేరు నల్లసిరాతో నిక్షేపంలా ఉంది.

"మేస్త్రి ఏమంటాడు?"

ఆవిడ ఫోను మీట నొక్కింది. రికార్డు చేసుకున్న మేస్త్రి గొంతు గదంతా మోగింది. "పడినప్పుడు చూద్దాంలేమ్మా! అంత భయమైతే మీ ఆయన్ని ఇంట్లోనే కూచోబెట్టుకో. ఆ పనికి వందమంది ఉన్నారు."

లాయరుకి లేచి గంతెయ్యాలనిపించింది. ఒకరి కష్టానికి సంతోషించడం తప్పని గుర్తొచ్చి, లేవబోయినవాడల్లా కూర్చున్నాడు. పెదాలు మాత్రం మాట వినలేదు.

"ఇదంతా ఎవరు నేర్పారమ్మా మీకు?"

"మీరేనండీ."

"నేనా?"

"నాలుగు నెలల కిందట మా బావ కర్ర పట్టుకుని మీ మెట్లెక్కాడు. రంగులేసేవాడు. ఇంత ఆలస్యంగా వస్తే నేనేం చెయ్యనని కేకలేసి పంపించేశారు. ఏమేం తేవాలో మీరు తిడుతూ చెప్పినవన్నీ మా అక్క గుర్తుపెట్టుకుంది."

ఆ రంగులవాడు లాయరుకి గుర్తొచ్చాడు. కాసేపు కళ్లద్దాలు తుడుచుకున్నాడు. అవి శుభ్రంగానే ఉన్నాయి.

"సరే. ఆసుపత్రి కాగితాలు?"

"అవి లేవండీ."

"చూశారా! అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అన్నట్టు... పోనీ, మనిషెక్కడ?"

"ఇంట్లోనే. ఇందాకే రెండు బిందెల నీళ్లు మోసుకొచ్చి పెట్టాడు."

లాయరు అదిరిపడ్డాడు. "మోయనిచ్చారా! అవతలి లాయరు కంటబడితే కొంప మునుగుతుంది తల్లీ! మంచం దిగనివ్వకండి. ముఖ్యంగా పని దగ్గరికి అసలు వెళ్లనివ్వకండి."

"నేను మొత్తుకునేదీ అదేనండీ. నా మాట వింటేనా!"

"నేను చెప్పానని చెప్పండి."

"తప్పకుండా చెప్తానండీ." ఆవిడ మొహం మొదటిసారి కాస్త తేరుకుంది.

లాయరు ఫారం పైకెత్తి, పెళ్లిసంబంధం ఫోటోలా తనివితీరా చూసుకున్నాడు. పాతికేళ్లలో ఇంత నిండైన కేసు తన బల్ల మీదికి రాలేదు.

"రాసిపెట్టుకోండి. ఈ కేసు గెలవకపోతే నల్లకోటు విప్పేసి మీ దగ్గర గుండీలు కుడతాను."

అంటూనే కిందికి చూశాడు. పైనున్న మొదటి గడి బోసిగా కనబడింది. ఈసారి పెన్ను బుద్ధిగా రాస్తోంది.

"అన్నట్టు, పడిన తేదీ?"

ఆవిడ ఒకసారి బోర్డు వంక, ఒకసారి ఆయన వంక చూసింది.

"ఇంకా పడలేదండీ, రేపు పొద్దున ఎనిమిదింటికి ఎక్కమన్నారు, ఈలోపు ఆపించే కాగితం ఏదైనా ఉందా?"