తల దగ్గర ఇనుము

తీగలు తెగినప్పటి నుంచి సబినస్పెక్టరు అంకమ్మరావు కాలు ఒకచోట నిలవడం లేదు.

బెజవాడ నుంచి చల్లపల్లి వెళ్ళే టెలిగ్రాఫ్ తీగల్ని కాలవ గట్టు మీద ఎవరో తెంపేశారు. ఆ నలభైరెండు ఆగస్టులో దేశమంతా అదే గొడవ. పైవాళ్ళకు కావలసింది తెంపినవాడు. అంకమ్మరావుకు కావలసింది తంతి. చల్లపల్లిలో, పుట్టింట, భార్య ఛాయాదేవికి నెలలు నిండాయి. ఏ కబురైనా ఆ తీగల మీదే రావాలి.

తెగిన కొసలు జేబులో వేసుకుని, గట్టు పక్కనే ఉన్న సాలిపేటకు వచ్చాడు. అది రంపం కోత కాదు. చిన్న పటకారుతో కొరికి కొరికి తెంపిన గాటు.

"ఇంత చిన్న పటకారు ఈ పేటలో ఎవరికుంది?"

"హనుమయ్య చాకుకుందండీ!" అన్నాడు కొట్టువాడు ఉత్సాహంగా. "పోయిన యుద్ధం నుంచి వచ్చిన సోల్జరు దగ్గర వాళ్ళ నాన్న కొన్నాడు. మడిస్తే గుప్పెట్లో పడుద్ది. విప్పితే కత్తి, రంపం, దబ్బనం, పటకారు, ఎన్నని చెప్పను! నా కిరసనాయిలు డబ్బాలన్నీ దాంతోనే తెరిచేది."

"నా కత్తెర మర బిగించింది అదేనండీ," అన్నాడు మంగలి.

"మా ఎద్దు గిట్టలో రాయి తీసింది," అన్నాడు ఇంకొకడు. "పాతికేళ్ళయినా వాదర అరగలేదండీ."

అందరూ చాకునే పొగిడారు. మనిషిని పట్టిస్తున్నామని ఒక్కడికీ తోచలేదు. పొగడ్తలు పూర్తయ్యేసరికి ఎండ నెత్తి మీదికొచ్చింది.

హనుమయ్య ఇంటి గుమ్మానికి వేపమండలు కట్టి ఉన్నాయి. లోపలి నుంచి వాము పొగ. పక్కింట్లోంచి కూడా అదే పొగ. గడప దగ్గర ఒక ముసలావిడ అడ్డంగా కూర్చుంది.

"ఎవరు నువ్వు?"

"పక్కింటి రావమ్మనండీ. హనుమయ్య బాలింతకి కాయం మందు కోసం మైలవరం పోయాడు. లోపల పురుడు. మైల."

అంకమ్మరావు కానిస్టేబులు వెంకటప్పయ్యను అక్కడికక్కడే మైలవరం తరిమాడు. తను లోపలికి తొంగి చూశాడు. మగ్గం గుంట పక్కన నులక మంచం. బాలింత గోడవైపు తిరిగి పడుకుంది. తలకీ చెవులకీ గుడ్డ, ఒంటి నిండా దుప్పటి. బయటికొచ్చిన పాదానికి పసుపు రాశారు. మడమ బండబారి ఉంది. నేతపని వాళ్ళ పాదాలు అంతే అనుకున్నాడు.

గడపకు జానెడు లోపల చేటలో పసిగుడ్డు. బిడ్డ తల దగ్గర చాకు.

"అది ఇటివ్వు."

"నేనివ్వను బాబూ. బిడ్డ తల దగ్గర పెట్టిన ఇనుము పదకొండోనాటి స్నానం దాకా తియ్యకూడదు. మీకు తెలీందేముంది? అందుతోందిగా, మీరే తీసుకోండి. పాపమో పుణ్యమో మీ చేతికే అంటుద్ది."

అంకమ్మరావు వంగాడు. చెయ్యి చాచాడు.

రెండేళ్ళ కిందట తన తొలిబిడ్డ తల దగ్గర అడకత్తెర పెట్టారు. తొమ్మిదోనాడు భోజనం చేసి, వక్క కత్తిరించుకోవడానికి దాన్ని తనే తెప్పించుకున్నాడు. మర్నాటికి బిడ్డ లేడు. అడకత్తెరకూ చావుకూ సంబంధం లేదని డాక్టరు చెప్పాడు. ఛాయాదేవి మాత్రం ఏమీ అనలేదు. ఈనాటికీ అనలేదు.

పసిగుడ్డు కళ్ళు మూసుకునే నోరు చప్పరించింది. మంచం మీద బాలింత బొంగురుగా దగ్గింది.

"దగ్గకే తల్లీ, పచ్చి ఒళ్ళు," అంది రావమ్మ. మళ్ళీ ఇటు తిరిగి, "ఏం దొరగారూ, చెయ్యి అక్కడే ఆగిందేం?"

అంకమ్మరావు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ప్యాంటుకు తుడుచుకున్నాడు, ఏదో అంటినట్టు.

"పదకొండోనాడు మనిషిని పంపిస్తా. చాకు అక్కడే ఉండాలి. లేకపోతే పేట పేటంతా జైల్లో ఉంటుంది."

"ఎక్కడికి పోతుంది బాబూ? ఇనుముకి కాళ్ళున్నాయా?"

వెంకటప్పయ్య మైలవరం నుంచి ఒట్టి చేతులతో వచ్చాడు. తీగలు అతికారు. తంతి వచ్చింది. కొడుకు. తల్లీ బిడ్డా క్షేమం. అంకమ్మరావుకు అయినా నిద్ర పట్టలేదు. అక్కడ తల దగ్గర ఏం పెట్టారో, దాన్ని ఎవరు తీస్తారో.

పదకొండోనాడు వెంకటప్పయ్య సాలిపేట వెళ్ళి చాకు తెచ్చాడు. పసుపునీళ్ళతో కడిగి, కొత్త గుడ్డలో చుట్టి ఉంది.

"ఇంటికి తాళమండీ. పక్కింటి ముసలావిడ ఇచ్చింది."

బాలింతను పుట్టింటికి పంపి ఉంటారు అనుకున్నాడు అంకమ్మరావు. చాకు విప్పాడు. పటకారు నోట్లో రాగి రంగు తుప్పు ఇరుక్కుని ఉంది. జేబులోని తీగ కొసను ఆ నోటికి ఆనించాడు. గాటు సరిగ్గా కూర్చుంది.

కేసు కాగితాల వైపు చూశాడు. చల్లపల్లి బస్సుకు వేళవుతోంది. చాకు మడిచి, కొడుకు కోసం కొన్న చొక్కాల మధ్య పెట్టాడు. ఇన్ని పనులు చేసింది. ఈ ఒక్కటీ చెయ్యకపోతుందా.

పెట్టె మూస్తూ అడిగాడు, "ఆ బాలింత కులాసాగా ఉందటా?"

"బాలింత ఎక్కడిదండీ?" అన్నాడు వెంకటప్పయ్య. "హనుమయ్య పెళ్ళాం పోయి మూడేళ్ళయిందట గదండీ."