బంతి పట్టిన విత్తనాలు

ఇంట్లో విత్తనం దాచుకోవడం నేరమైపోయిన రోజులవి. ఏ పంటకైనా కంపెనీ విత్తనమే కొనాలి. దాచిన గింజల్ని వాసన పట్టి, వాటి ముందు కదలకుండా కూర్చోవడం బంతి అనే కుక్కకు నేర్పింది సోదా దళంలో పనిచేసే యల్లమందే.

ఆ ఉదయం సోదాలో బంతి అతని మేనత్త కోటమ్మ ఇంట్లో కుట్టుమిషను సొరుగు ముందు కూర్చుంది. కోటమ్మ ముఖం పాలిపోయింది.

“ఏమన్నా దొరికిందా?” అన్నాడు అధికారి వాకిట్లోంచి.

“ఏం లేదు సార్, పొరబడింది,” అంటూ యల్లమంద గొలుసు లాగాడు. బంతి లేవలేదు. ఎన్నడూ చెయ్యెత్తనివాడు దాని మూతి మీద కొట్టాడు.

అధికారి వెళ్లాక కోటమ్మ నెమ్మదిగా అంది: “దాన్నెందుకు కొట్టావురా అయ్యా? అది సరిగ్గానే పట్టిందిగా.”

అప్పటినుంచి ఏది కనిపెట్టినా బంతి వెంటనే కూర్చోదు. ముందు అతని ముఖంలోకి చూస్తుంది. యల్లమంద చూపు తిప్పుకుంటాడు.